అంగడి మనది, తక్కెడ ఎవరిది?

బుధవారం దేవరకద్ర, శనివారం పెబ్బేరు. పాత పాలమూరు జిల్లాలో పుట్టినవానికి వారాల పేర్లు బడిలో నేర్పనక్కర లేదు. ఏ ఊరి అంగడి ఏనాడో తెలిస్తే చాలు. కోడి కూయకముందే ఎడ్లను, గొర్లను ఎక్కించుకున్న ట్రాలీలు బయలుదేరతాయి. పొద్దెక్కేసరికి ఉల్లిగడ్డ కుప్పలు, ఎండుమిరపకాయ రాశులు, చింతపండు గంపలు, చీరెల మూటలు, కొడవళ్లు, పారలు, పలుపుతాళ్లు వరుసలు తీరుతాయి. కూలికి పోయిన ఆడవాళ్లు మాత్రం మాపటికి గాని రాలేరు. వచ్చినా తొందరపడరు. అంగడి ఎత్తిపోయే వేళకు ధర దిగుతుందని వాళ్లకు తెలుసు. మిగిలిన వంకాయ, వాడిన పుంటికూర, పగిలిన టమాట - కూలోళ్ల బేరం అక్కడ మొదలవుతుంది.

అంగడి గురించి రాసేవాళ్లు దాని రంగులు, కేకలు, వాసనల గురించి రాస్తారు. అవి లేవని కాదు. కాని మనం వేయవలసిన లెక్క వేరు. ఎండలో నడుము వంచి సంపాదించిన రూపాయి అంగట్లో అడుగుపెట్టిన తర్వాత ఎవరెవరి చేతుల్లోకి పోతున్నది? కొనే కూలి మనిషికి, పండించిన చిన్న రైతుకు, గంప ముందు కూర్చున్న అమ్మకందారుకు అందులో దక్కేదెంత? ఈ ముగ్గురూ కష్టజీవులే. వీళ్ల నడుమ జరిగే బేరంలో లాభపడేది మాత్రం చాలాసార్లు నాలుగో మనిషి.

దొరలు బేరమాడలేదు

నల్లగొండ జిల్లాలో కూలోడు డబ్బిచ్చి సరుకు కొనుక్కోవడం, చేతిపనివాడు తన సరుకును ధరకు అమ్ముకోవడం ఊరికే రాలేదు. నిజాం కాలంలో దేశముఖుల గడీలకు అంగడితో పనిలేదు. వాళ్లకు వెట్టి ఉండేది. కుమ్మరి కుండలియ్యాలి, మాదిగ చెప్పులు కుట్టియ్యాలి, గొల్ల గొర్రెపిల్లను తోలియ్యాలి, గౌడు కల్లు పోయాలి, సాలెవాడు గడీ నౌకర్లకు బట్టలియ్యాలి. ఊరి కోమటి కూడా అడిగిన సరుకు అప్పగించాల్సిందే. ధర అడిగే నోరు ఎవరికీ లేదు. అప్పుడు నల్లగొండ జిల్లాలో ఉన్న జనగామ తాలూకాలో విసునూరు దేశముఖు కింద ఈ వెట్టి ఎంత ఘోరంగా సాగిందో మన పెద్దలకు తెలుసు. 1944లో భువనగిరిలో జరిగిన ఆంధ్ర మహాసభ తర్వాత సంఘం ఊరూరికి పాకింది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటాకు ఒరిగాడు. ఆ పోరాటంలో వెట్టి కూలింది.

ఈ సంగతి ఎందుకు గుర్తు చేసుకోవాలె? 'నా సరుకుకు ఇంత ధర' అని చెప్పగలగడం, 'ఇంతకైతే కొంట, లేకుంటే లేదు' అని వెనక్కి తిరగగలగడం కూడా ఒక హక్కే గనుక. వెట్టిని గెంటి తెచ్చుకున్న హక్కు అది. ఆ హక్కు ఇప్పుడు ఎట్లా అరిగిపోతున్నదో చూడాలి.

ఉద్దెర ఖాతా, నగదు అంగడి

2025 ఉగాది నాడు హుజూర్‌నగర్‌లో రాష్ట్ర ప్రభుత్వం రేషన్ సన్నబియ్యం పంపిణీ మొదలుపెట్టింది. మనిషికి నెలకు 6 కిలోలు. ఇది కాపాడుకోవలసిన హక్కు, అనుమానం లేదు. కాని వట్టి బియ్యంతో కుండ దిగదు. కందిపప్పు, మంచినూనె, ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, కారం, చింతపండు, సబ్బు - ఇవన్నీ కొనాల్సినవే. 2025-26లో తెలంగాణలో ఉపాధి హామీ కూలి కాగితం మీద రోజుకు 307 రూపాయలు. కొలత తక్కువ పడితే చేతికి వచ్చేది ఇంకా తక్కువ. పప్పు పిరమైతే పచ్చిపులుసు, ఉల్లిగడ్డ పిరమైతే వట్టి కారం మెతుకులు. ధరలు పెరిగాయన్న వార్త పట్నంలో పత్రికలో కనబడుతుంది. పల్లెలో అది పళ్లెంలోనే కనబడుతుంది.

కూలి మనిషికి రెండు దుకాణాలున్నాయి. ఒకటి ఊళ్లోని కిరాణం, రెండోది అంగడి. కిరాణంలో ఉద్దెర దొరుకుతుంది. పైసలు లేని నాడు ఆదుకునేది అదే. అందుకే ఆ మాట తేలికగా తీసెయ్యడానికి లేదు. కాని ఉద్దెరలో కనబడని మిత్తి ఉంటుంది. అది ఖాతాలో మిత్తి పేరుతో రాయరు. ధరలోనే కలిపేస్తారు. ఖాతా ఉన్నవాడు 'ఇదేం ధర?' అని గట్టిగా అడగలేడు. అడిగితే రేపు ఉద్దెర దొరకదు. అంగట్లో అట్లా కాదు. ఒక కుప్ప దగ్గర పొసగకపోతే పక్క కుప్ప ఉంది. చేతిలో నగదు ఉంటే నోట్లో మాట ఉంటుంది.

అయితే నగదు ఉండాలి కదా! 2005 నాటి ఉపాధి హామీ చట్టం పని చేసిన 15 రోజుల్లో కూలి ఇవ్వాలని రాసింది. అవి వారాల తరబడి ఆగినప్పుడల్లా జరిగింది ఒకటే. కూలి బిడ్డ అంగడి దాటిపోయి మళ్లీ ఉద్దెర ఖాతా దగ్గరికే పోయింది. కూలి ఆలస్యమంటే పైసలు ఆలస్యంగా రావడం ఒక్కటే కాదు. అదే సరుకును ఎక్కువ ధరకు కొనవలసి రావడం కూడా. కూలి సంఘాలు ఈ లెక్కను జనానికి విడమరచి చెప్పాలి.

ఇంకో సంగతి. 2022 జూలై 18 నుంచి 25 కిలోల దాకా ప్యాకెట్ కట్టి లేబుల్ వేసిన బియ్యం, పప్పు, పిండి మీద 5 శాతం జిఎస్టీ వేశారు. విడిగా తూచి అమ్మేదానికి ఆ పన్ను వేయలేదు. అంటే గోనెసంచి మూతి విప్పి తూచి ఇచ్చే అంగడి మనిషి దగ్గర కొంటే ఆ భారం పడలేదు. మెరిసే ప్యాకెట్ శుభ్రమని నమ్మించే వ్యాపారం ఒకవైపు, దాని మీద సర్కారు పన్ను మరొకవైపు. మన గంప రెండింటి నడుమ నలిగింది.

రాళ్ల తూకం, రసీదు లేని పన్ను

మన అవ్వల కాలంలో సోల, తవ్వ, మానెడు, అడ్డెడు కొలతలుండేవి. గింజలు రాశి పోసి కొలిస్తే ఒక లెక్క, గీసి కొలిస్తే ఒక లెక్క. దొరకు కొలిచేటప్పుడు రాశి, కూలికి కొలిచేటప్పుడు గీత! 1958 అక్టోబర్ నుంచి మెట్రిక్ తూకాలు వచ్చాయి. కిలో అంటే దేశమంతా ఒకటే అయింది. కాని తక్కెడ మారినంత మాత్రాన తూకం నిజమవుతుందా? రాయి కింద అంటించిన మైనం పోయింది. ఇప్పుడు ఎలక్ట్రానిక్ కాటా వచ్చింది. సున్నా చూపకుండానే సరుకు వేసే చేతివాటం కూడా దాంతోపాటే వచ్చింది.

2009 తూనికల కొలతల చట్టం కింద తూకపు రాళ్లను రెండేళ్లకోసారి, ఎలక్ట్రానిక్ కాటాను ఏడాదికోసారి పరీక్ష చేయించి ముద్ర వేయించాలి. ఆ ముద్ర చూపమని అడిగే హక్కు కొనేవానికి ఉంది. అంగడికి పోయే అక్కలకు ఒక మాట. కాటా మీద ముందు సున్నా చూడండి. గిన్నె ఖాళీగా ఉన్నప్పుడు అంకె ఎంతుందో చూడండి. అనుమానముంటే అర కిలో ఉప్పు ప్యాకెట్ పెట్టి తూయమనండి. ఇది జగడం కాదు, లెక్క. మన కంది బస్తాను తూచే కాటాకూ ఇదే మాట వర్తిస్తుంది. కొనేటప్పుడు అర పావు పోగొట్టుకుంటాం. అమ్మేటప్పుడు తరుగు పేరుతో కిలోలు పోగొట్టుకుంటాం.

తక్కెడ తర్వాత తైబజారు. అంగట్లో జాగా మీద కూర్చున్నందుకు వసూలు చేసే రుసుమిది. గ్రామపంచాయతీలు, మున్సిపాలిటీలు దీన్ని ఏడాదికోసారి వేలం పెడుతుంటాయి. ఎక్కువ పాడినవానికి వసూలు హక్కు. పెట్టుబడి పెట్టినవాడు దాన్ని ఎక్కడినుంచి రాబడతాడు? చింతపండు గంప దగ్గరా, కొత్తిమీర కట్టల దగ్గరా, నాలుగు కోడిపిల్లలను తెచ్చిన ముసలవ్వ దగ్గరా! నిర్ణయించిన రేటు ఒకటి, చీటీ మీద ఇంకొకటి, చేతిలో పడేది వేరొకటి. చివరికి ఆ పైసలు కొనేవాని మీదే పడతాయి. తైబజారు పెరిగితే కొత్తిమీర కట్ట చిన్నదవుతుంది. పన్ను కట్టిన జాగాలో నీడ ఉందా, తాగే నీళ్లున్నాయా, ఆడవాళ్లకు మరుగు ఉందా? వానొస్తే బురదలో, ఎండైతే గొడుగు కింద కూర్చోవాల్సిందే. లక్షల్లో వేలం పాడే అంగడికి కూడా ఇదే గతి అయితే, ఆ డబ్బు ఎటు పోతున్నదో గ్రామసభలో అడగవలసిందే.

పట్నాల్లో కూర్చునే అమ్మకందార్లకు 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే, అదీ ఎన్నికైనవాళ్లు ఉండాలని అది చెప్పింది. వాళ్లలో మూడోవంతు మహిళలు. పల్లె అంగడికి ఆ రక్షణ లేదు. ఎందుకు లేదు? గంప అదే, ఎండ అదే, మనిషి అదే.

పండ్లు చూసే పశువుల అంగడి

అంగడికి ఒక పక్క పశువులు. కోడె నోరు తెరిచి పండ్లు లెక్కబెడతారు. రెండు పండ్లదా, నాలుగు పండ్లదా, నోరు కట్టిందా? తర్వాత తువ్వాల కింద చేతులు కలుస్తాయి. వేళ్లు పట్టి ధర చెప్పుకుంటారు. పక్కనున్నవానికి కూడా తెలియదు. అమ్మేవానికి కొనేవానికి నడుమ దళారి ఉంటాడు. ఇద్దరి దగ్గరా తీసుకుంటాడు. ఈ చాటు బేరంలో నష్టపోయేది ఎప్పుడూ అవసరం మీద వచ్చినవాడే. కరువు ఏడాది పాలమూరు రైతు ఎడ్లను ఎందుకు తోలుకొస్తాడు? గడ్డి లేక, నీళ్లు లేక, బొంబాయికో పుణెకో వలస పోవడానికి దారి ఖర్చు లేక. గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్సు, అంగట్లో ఎడ్లు - ఈ రెండు బేరాల మీదనే పాలమూరు లేబర్ అనే పేరు దేశమంతా తిరిగింది.

2017 మే 23న కేంద్ర ప్రభుత్వం పశువుల సంతల మీద కొత్త నిబంధనలు తెచ్చింది. పశువు కోతకు కాదని రాసియ్యాలి. కొన్నవాడు ఆరు నెలల దాకా మళ్లీ అమ్మరాదు. రాష్ట్ర సరిహద్దుకు 25 కిలోమీటర్ల లోపల పశువుల సంత ఉండరాదు. ఇది అమలైతే కర్ణాటక అంచున ఉన్న మక్తల్, నారాయణపేట వైపు రైతు దగ్గరలో పశువును అమ్ముకునే దారే ఉండకపోయేది. ముసలి ఎద్దును అమ్మలేనివాడు కొత్త ఎద్దును ఏం పెట్టి కొంటాడు? మద్రాసు హైకోర్టు ఇచ్చిన స్టే దేశమంతటికీ వర్తిస్తుందని 2017 జూలైలో సుప్రీంకోర్టు చెప్పడంతో ఆ నిబంధనలు ఆగాయి. ఢిల్లీలో రాసిన ఒక కాగితం మన అంగట్లో ఎడ్ల వరసను ఖాళీ చేయగలదని ఆనాడు తెలిసొచ్చింది.

పేరున్న సరుకు, పేరులేని చెయ్యి

మన ప్రాంతానికి తనదైన సరుకు తక్కువేమీ కాదు. నారాయణపేట చీర, గద్వాల చీర, పోచంపల్లి ఇక్కత్. బాలానగర్ సీతాఫలం పేరే ఒక రకానికి పేరైంది. కొల్లాపూర్ మామిడి, నకిరేకల్ నిమ్మ, నల్లగొండ బత్తాయి. కురుమలు నేసే గొంగడి వానకూ చలికీ ఒకటే కప్పు. పట్నంలో వీటికి ప్రత్యేక దుకాణాలున్నాయి. అద్దాల వెనక చీర ధర చూస్తే నేసినవానికే గుండె ఝల్లుమంటుంది.

పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కాని అదే డిజైన్‌ను మరమగ్గం మీద అచ్చుగుద్ది అంగట్లో కుప్పలు పోస్తున్నారు. 1985 చేనేత రిజర్వేషన్ చట్టం కొన్ని రకాలను చేనేతకే వదలాలని చెప్పింది. చట్టం పుస్తకంలో ఉంది, నకిలీ చీర బండి మీద ఉంది. కూలి బిడ్డ ఆ అగ్గువ చీర కొంటుందని ఆమెను తప్పుపట్టలేం. ఆమెకు వచ్చే కూలికి అదే అందుతుంది. నేతగాని ఆకలికీ కూలిదాని చీరకూ ఒకే కారణముంది - ఇద్దరి కష్టానికీ ధర కట్టేది వాళ్లు కాదు.

ఇంకో ప్రత్యేక దుకాణం కూడా ఉంది. అదే ఎరువులు, విత్తనాల దుకాణం. అక్కడ బేరమే లేదు. ఉద్దెరకు ఇచ్చినవాడే రకం చెబుతాడు, పంటను కూడా తనకే తెమ్మంటాడు. విత్తనం మొలవకపోతే 'వాన లేదు' అంటాడు. బిల్లు అడగని రైతుకు దారి మూసుకుపోతుంది. 2012 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతుల కేసులోనే సుప్రీంకోర్టు ఒక మంచి తీర్పు చెప్పింది. విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడే, నష్టపరిహారానికి వినియోగదారుల ఫోరానికి పోవచ్చు అని. అందుకే బిల్లు తీసుకోండి, సంచి దాచండి, గుప్పెడు విత్తనం పక్కన పెట్టండి. కౌలు రైతుకు ఇది మరీ ముఖ్యం. అతని చేతిలో పట్టా ఉండదు, కనీసం బిల్లయినా ఉండాలి.

లియాన్ కొండ మీద

ఇక్కడ ఒక దూరదేశం ముచ్చట. ఫ్రాన్సులో లియాన్ అనే నగరం ఉంది. పట్టునేతకు పేరు. అక్కడ క్రోయ్-రూస్ అనే కొండ మీద సోమవారం తప్ప రోజూ అంగడి సాగుతుంది. కూరగాయలు, జున్ను, రొట్టె, పండ్లు. దుకాణం ముందు ప్రతి సరుకు మీదా ధర రాసిన పలక ఉండాలి. అది చట్టం. ఫ్రాన్సులో అంగడి జాగా రుసుమును, అంగడి నియమాలను మున్సిపాలిటీ నిర్ణయిస్తుంది. కాని ముందుగా అమ్మకందార్ల సంఘాలను సంప్రదించాలి. అంగడిని ఎత్తివేయాలన్నా, వేరేచోటికి మార్చాలన్నా అంతే.

ఆ కొండకు ఇంకో చరిత్ర ఉంది. 1831లో అక్కడి పట్టు నేతగాళ్లు గజానికింత అని కనీస కూలి రేటు అడిగారు. ఒప్పందం కుదిరింది. వ్యాపారులు దాన్ని కాలదన్నారు. నవంబర్‌లో నేతగాళ్లు తిరగబడి నగరాన్నే పట్టుకున్నారు. రాజు సైన్యాన్ని పంపాడు, కూలి రేటు ఒప్పందం రద్దయింది. కాని వాళ్లు ఊరుకోలేదు. 1835లో అదే కొండ దారిలో కార్మికుల కోసం ఒక సహకార దుకాణం తెరిచారు. ఫ్రాన్సులో ఇలాంటివాటిలో అదే మొదటిదని చెబుతారు. మూడేళ్లకే మూతపడినా దారి చూపింది. కూలి రేటు కోసం కొట్లాడినవాళ్లకు రెండో సంగతి కూడా అర్థమైంది - పెంచుకున్న కూలిని దుకాణంలో పోగొట్టుకుంటే పోరాటం సగమే అవుతుంది.

అదే ఫ్రాన్సులో 1963లో పారిస్ దగ్గర కార్ఫూర్ కంపెనీ పేద్ద దుకాణం తెరిచింది. చిన్న దుకాణాలు దెబ్బతింటుంటే 1973లో అక్కడి ప్రభుత్వమే పెద్ద దుకాణాలకు కళ్లెం వేస్తూ చట్టం చేయవలసి వచ్చింది. ఆ కంపెనీ 2010లో ఢిల్లీలో టోకు దుకాణం పెట్టింది, 2014లో మూటముల్లె సర్దుకుపోయింది. 2012లో చిల్లర వ్యాపారంలో 51 శాతం దాకా విదేశీ పెట్టుబడికి తలుపు తీసింది మన పాలకులే. తమ ఇంట్లో కళ్లెం వేసుకున్నదాన్ని మన వాకిట్లో విప్పి వదలమంటే, మనం అడగవలసిన ప్రశ్న ఒకటే - అంగట్లో గంపతో కూర్చున్న అవ్వ ఎక్కడికి పోవాలె?

అంగడి ఆగితే

2016 నవంబర్ 8 రాత్రి పెద్ద నోట్లు రద్దయ్యాయి. నగదు మీద నడిచే అంగడికి మొదటి దెబ్బ అదే. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి అంగళ్లన్నీ మూతపడ్డాయి. బొంబాయి నుంచి నడిచొచ్చిన పాలమూరు కూలీకి ఊళ్లో పని లేదు, అంగట్లో బేరం లేదు. కాయగూర తోటలోనే మురిగింది. ఊళ్లో ధర మండింది. పండించినవానికీ తినేవానికీ నడుమ ఉన్న వంతెన అంగడి అని ఆనాడు అందరికీ తెలిసింది. ఆ వంతెన మీద కాపలా ఎవరిది అన్నదే ఇప్పటి ప్రశ్న.

దేవరకద్ర యార్డులో ఉల్లిగడ్డ వేలం పాడతారు. బాదేపల్లి యార్డుకు వేరుశనగ వస్తుంది. 2024-25లో వేరుశనగకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 6,783 రూపాయలు. తేమ పేరుతో, గింజ సన్నమని రైతుకు అంతకన్న తక్కువ రేటు కడితే, ఆ నష్టం అక్కడితో ఆగదు. రైతు కలుపు కూలి తగ్గిస్తాడు. చేన్లో శనగ పీకిన కూలిది అదే శనగ నూనెను అంగట్లో పూర్తి ధరకు కొంటుంది. 1966 మార్కెట్ల చట్టం ప్రకారం మార్కెట్ రుసుము కొన్నవాడే కట్టాలి. ఏదో ఒక పేరుతో దాన్ని రైతు మీద తోస్తే అడగాలి. చిన్న రైతు, కూలి ఇద్దరూ ఒకే యార్డు గేటు ముందు నిలబడాల్సిన అవసరం ఇక్కడుంది.

కనుక చేయవలసినవి పెద్ద మాటలు కావు. అంగడి ముందునాటికే కూలి చేతికందాలి. తైబజారు రేటును పెద్ద అక్షరాలతో అంగడి మొదట్లో బోర్డు మీద రాయించాలి, రసీదు లేకుండా పైస ఇవ్వరాదు. గంపలో కొద్దిపాటి సరుకు తెచ్చుకున్నవాళ్లకు రుసుము మాఫీ చేయాలి. వేలంలో వచ్చిన డబ్బులో ఎంత నీడకు, నీళ్లకు, మరుగుదొడ్లకు పెట్టారో గ్రామసభలో లెక్క చెప్పాలి. నెలకోసారైనా తూకాల అధికారి అంగడికి రావాలి. జనం తూచి చూసుకోవడానికి పంచాయతీ కాటా ఒకటి అంగట్లోనే ఉండాలి. పల్లె అమ్మకందార్లకు కూడా ఎన్నికైన కమిటీ కావాలి. పప్పు, నూనె రేషన్‌లో ఇవ్వాలి.

ఇవి అడగడానికి వేరే సభ పెట్టనక్కర లేదు. సభ వారం వారం జరుగుతూనే ఉంది. బుధవారం దేవరకద్రలో, శనివారం పెబ్బేరులో. రైతు వస్తాడు, కూలి వస్తుంది, నేతగాడు వస్తాడు, గొర్లకాపరి వస్తాడు. ఇంతమంది ఒక్కచోట చేరే రోజు మరొకటి లేదు. సంచి పట్టుకుని పోయే ప్రతి మనిషీ ఈసారి ఒక ప్రశ్న కూడా పట్టుకుపోవాలె. కాటా మీద సున్నా చూపమనడంతో మొదలుపెడితే చాలు. అక్కడినుంచి లెక్క అదే ముందుకు సాగుతుంది.